ఇనుము తగలని ఈనెలు

భానుశ్రీ ఆఖరిసారి చేసిన పని ఒక కొబ్బరి ఈనెను వంచడం. ఆదివారం పొద్దున్న ఇడ్లీపాత్ర దగ్గర నిలబడి, జానెడు ఈనెను రెండు కొసలా పట్టుకుని ఆవిరి మీద అటూ ఇటూ తిప్పింది. అది మెత్తబడ్డాక కొసలు రెండూ దగ్గరకొచ్చేలా మెల్లగా వంచింది. నూలుదారంతో ఓ చుట్టు చుట్టి వంటింటి కిటికీలో గాజుగ్లాసులో నిలబెట్టింది. ఆరేసరికి అది చిన్న పట్టకారు అవుతుంది.

"దాన్నెవరూ ముట్టుకోకండి," అంది.

ఇంట్లో ఉన్నది ఇద్దరమే. "ఎవరూ అంటే నేనేగా."

"మీరే. పోయినసారి దాంతో చెవి గోక్కున్నారు."

నేను నవ్వాను. తను నవ్వలేదు, ఎడంచెయ్యి నొక్కుకుంటోంది. రాత్రి ఒత్తుకుపడుకున్నట్టున్నాను, లాగుతోంది, కాసేపు నడుం వాలుస్తాను, పప్పు తాలింపు వేశాక లేపండి అంది. నేను తాలింపు వేశాను. ఇంగువ వాసనకే లేచొస్తుందనుకున్నాను. రాలేదు. వెళ్ళి లేపాను. లేవలేదు.

ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను. ఆ ఈనె గురించి మాత్రం రాయాలి.

మేమిద్దరం విజయవాడలో ఒకే కాలేజీలో పనిచేశాం. ఆమె ఫిజిక్సు, నేను తెలుగు. ఆమె ఊరు ఉయ్యూరు దాటాక పుల్లేరు కాలువ పక్కన ఉంటుంది. వాళ్ళు చెరకు రైతులు. మా నాన్న లూథరన్ మిషన్ బడిలో మాస్టారు. మేము రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాక వాళ్ళింటి నుంచి ఎవరూ మాట్లాడలేదు. అరుపులూ శాపాలూ ఏమీ లేవు, మాట ఆగిపోయింది, అంతే. వాళ్ళ నాన్న వెంకటసుబ్బారావుగారు పోయినప్పుడు ఆమె ఒక్కతే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. "అమ్మ మంచినీళ్ళిచ్చింది," అని మాత్రం చెప్పింది. అమ్మ అంటే సుబ్బరత్నమ్మగారు. ఆవిణ్ణి నేను ఫొటోలో తప్ప చూసి ఎరగను.

పటమటలో మా ఫ్లాటు మూడో అంతస్తు. పిల్లల్లేరు. సాయంత్రాలు ఆమె లాబులో గడిపేది, నేను కథలు రాసుకునేవాణ్ణి. ఏం చేస్తున్నావని అడిగితే, "స్ఫటికాలు పెంచుతున్నాను," అనేది, మల్లెమొక్కలు పెంచుతున్నానన్నంత మామూలుగా.

ఆ స్ఫటికాల సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒకసారి బెంజి సర్కిల్ దగ్గర, స్కూటర్ మీద. ట్రాఫిక్ ఎటూ కదలడం లేదు. వెనక కూర్చున్న మనిషి నా వీపు మీద వేలితో త్రికోణంలా మూడు చుక్కలు పెట్టింది.

"ఒక్కో చుక్కా ఒక కోబాల్టు అణువు. ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం. పక్కది పైకి చూస్తే తను కిందికే చూడాలని వాటి పట్టుదల."

"సరే."

"మొదటిది పైకి చూసింది. రెండోది కిందికి చూసింది. ఇప్పుడు మూడోది ఎటు చూడాలి?"

"కిందికి."

"రెండోది ఒప్పుకోదుగా."

"అయితే పైకి."

"మొదటిది ఒప్పుకోదు."

వెనక ఆటో అతను హారన్ మోగిస్తూ, "మేడమ్, ఆయనకి వీపు తర్వాత రుద్దుదురుగాని, కదలమనండి!" అని అరిచాడు. ఆమె నవ్వు ఆపుకోలేక నా భుజం మీద తల పెట్టేసింది. సర్కిల్ దాటాక నేనే అడిగాను, ఇంతకీ ఆ మూడోది ఏం చేస్తుందని.

"ఏమీ తేల్చుకోలేదు మాస్టారూ. నాలుగు చుక్కలు చదరంగా ఉంటే ఏ గొడవా లేదు, ఒకటి పైకి ఒకటి కిందికి సర్దుకుంటాయి. మూడు మూలలొస్తేనే తంటా. అందులో తప్పు ఏ ఒక్కదానిదీ కాదు."

ఆమె పెంచే స్ఫటికంలో కోబాల్టు అణువులన్నీ అలాంటి త్రికోణాల్లోనే పొర మీద పొరగా ఉంటాయట. పక్కదాని మాట ఒకటైతే దాని అవతలిదాని మాట ఇంకొకటి. మామూలు అయస్కాంతాలు చల్లబడితే ఒక వరసలోకి వచ్చి స్థిరపడతాయి. ఇవి ఎంత చల్లబరిచినా స్థిరపడవు, అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. చలికి ప్రపంచంలో ప్రతిదీ బిగుసుకుపోయే చోట కూడా తెమలని ఆ ఊగిసలాటను చూడాలని ఆమె కోరిక. కాలేజీలో పిల్లలు దాన్ని ఫ్రస్ట్రేషన్ అంటూ వాళ్ళ పరీక్షల మీద జోకులేసేవాళ్ళు. ఆమె తెలుగులో చెప్పాల్సి వస్తే "కుదరకపోవడం" అనేది.

కాలేజీలో మెట్ల కింద గది ఆమె లాబు. ఒక కొలిమి, ఒక త్రాసు, ఒక మైక్రోస్కోపు. బేరియం, కోబాల్టు ఆక్సైడ్ల పొడులను ఒక ఉప్పుతో కలిపి ప్లాటినం మూసలో కరిగించేది. తర్వాత గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున చల్లార్చాలి. తొందరపడితే పొడే మిగులుతుంది, ఓపిక పడితే స్ఫటికాలు కడతాయి. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లో ఫ్యాను ఆగితే ఆమెకు గుర్తొచ్చేది కొలిమే. అంతా చల్లారాక ఉప్పును వేణ్ణీళ్ళతో కడిగేస్తే అడుగున నల్లటి రేకులు మిగిలేవి. ఆరు మూలల రేకులు, నువ్వుగింజ కంటే చిన్నవి. వాటిని ఏరి, హైదరాబాదులో ఒక సంస్థకు పంపేది. వాటి అయస్కాంతతను కొలిచే యంత్రం అక్కడుంది.

ఆ యంత్రంతో వచ్చిన చిక్కు, అది కంటికి కనపడనంత ఇనుమును కూడా పట్టేస్తుంది. స్టీలు పట్టకారుతో రేకును ముట్టుకుంటే చాలు, అంటుకున్న రవ్వంత ఇనుము కోబాల్టు గొంతును నొక్కేసి తన సంగతే చెబుతుంది. ప్లాస్టిక్ పట్టకారుకు రేకులు ఎగిరి అతుక్కుపోతాయి. అందుకని ఆమె మా ఇంటి కొబ్బరి చీపురు నుంచి ఈనెలు లాగి పట్టకార్లు చేసుకునేది. నేను చీపురు కొన్న వారానికల్లా అది సగమయ్యేది.

"మన చీపురు చిక్కిపోతోంది భానూ."

"సైన్సుకు విరాళం అనుకోండి."

ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి కీర్తన. ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నకు లారీల స్ప్రింగు పట్టీల దుకాణం ఉంది. మొదటిరోజు లాబు నియమాలు విని, "మా నాన్న టన్నుల్లో అమ్మేది ఇక్కడ రవ్వంత కూడా రాకూడదా మేడమ్!" అందట. భానుశ్రీ ఆ మాట ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పుకుని నవ్వింది.

వాళ్ళిద్దరూ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. బాగా చల్లబరిచినప్పుడు కొలతల గీతలో ఒక వంపు వస్తోందనీ, అంటే ఆ స్ఫటికంలో ఒక చిన్న అయస్కాంతత మిగులుతోందనీ, ఊగే అణువులన్నీ కాస్త ఒక పక్కకు ఒరిగి ఒక రాజీకి వస్తున్నాయనీ అందులో రాశారు. అలాంటిది ఆ రకం ఆక్సైడులో అంతకుముందు ఎవరూ చూడలేదట. కీర్తన సిద్ధాంతగ్రంథానికి అదే ఆయువుపట్టు. ఆటోనగర్ నుంచి పూతరేకుల డబ్బా వచ్చింది మా ఇంటికి.

తర్వాత కొన్నాళ్ళకు భానుశ్రీ కొత్త రేకుల కొలతలు ముందేసుకుని కూర్చుంది. ఈసారి ఆమె వాటిని చలిలోనే కాక మామూలు గది వేడిలో కూడా కొలిపించింది. ఆ చిన్న అయస్కాంతత అక్కడ కూడా ఉంది. ఆ వేడిలో కోబాల్టు అణువుల రాజీ నిలవడానికి వీల్లేదు. అంటే అది స్ఫటికానిది కాదు. ఎక్కడి నుంచో ఇనుము వచ్చి కూర్చుంది.

మరునాడు కీర్తనను ఇంటికే పిలిచింది. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. నేను టీ పెడుతున్నాను.

"వెనక్కి తీసుకుందాం కీర్తనా. తప్పని రాసేద్దాం."

"మేడమ్, వేరే ఎవరూ అడగలేదు కదా."

"మనకు తెలిసింది కదమ్మా."

"నాకు గడువు వచ్చే ఏడాది వరకే ఉంది. ఆ అధ్యాయం తీసేస్తే ఇంకేం మిగుల్తుంది మేడమ్? కొలిమి బొమ్మా?"

భానుశ్రీ కొలతల కాగితాలు పక్కకు జరిపింది. "కొత్త రేకులు పెంచుదాం. ఇనుము లేకుండా. అప్పుడు కూడా ఆ వంపు కనిపిస్తే అది నిజం. కనిపించకపోతే, ఏ రాజీ లేకుండా అవి ఊగుతూనే ఉన్నాయన్నమాట. అదీ రాయదగ్గదే. రెండింట్లో ఏదైనా నీ గ్రంథం నిలబడుతుంది. శుభ్రమైన రేకు ఒక్కటి కావాలి, అంతే."

"ఒక్కటి," అంది కీర్తన, కళ్ళు తుడుచుకుని.

వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. పూతరేకులు పంపిన ఇంటి నుంచి ఈసారి ఏమీ రాలేదు. స్టాఫ్ రూములో ఒకాయన, "భానుశ్రీగారు కనిపెట్టింది తనే మళ్ళీ దాచేశారటగా," అన్నాడు. ఆమె ఆయనకు కుర్చీ జరిపి, "కూర్చోండి, ఎలా దాచానో చెబుతాను," అంది. ఆయన కూర్చోలేదు.

ఇనుము ఎక్కణ్ణుంచి వస్తోంది? మొదటి అనుమానం కీర్తనకే తన మీద వచ్చింది. నాన్న దుకాణానికి వెళ్ళడం మానేసింది, లాబుకు వచ్చాక బట్టలు మార్చుకునేది, జడలో పిన్నులు తీసేసింది. "ఏమ్మా, కొట్టుకి మైలొచ్చిందా?" అని వాళ్ళ నాన్న అడిగాడట. అయినా కొలతలు మారలేదు. పొడులు మార్చారు, నీళ్ళు మార్చారు, గది కడిగారు. ప్రతిసారీ ఆ వంపు అక్కడే ఉంది. ఆ నెలల్లో భానుశ్రీ సన్నబడింది. చేసిన తప్పు మాట అటుంచి, దాన్ని దిద్దుకునే దారి దొరక్క ఆ పిల్ల బతుకు తన చేతిలో ఆగిపోయిందని ఆమె బాధ.

దారి మా బాల్కనీలో దొరికింది. వాన వెలిశాక నేను బాల్కనీ చిమ్మి చీపురును గోడకు ఆనించి పెట్టాను. ఆమె కాఫీ తాగుతూ గోడ వంక చూస్తోంది. తెల్లటి సున్నం మీద, చీపురు ఆనిన చోట, ఎర్రటి మరక. మరక పైన ఇంకో పాత మరక. కప్పు కింద పెట్టి చీపురు చేతిలోకి తీసుకుంది. పిడి దగ్గర ఈనెలను బిగించి కట్టింది ఇనపతీగతో. తీగంతా తుప్పు. ఈనెల మొదళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

ఆమె మొదట గట్టిగా నవ్వింది. తర్వాత ఆ తడి నేల మీదే కూర్చుండిపోయింది.

"స్టీలు వద్దని చీపురు పట్టుకున్నాను మాస్టారూ," అంది.

ఫోనులో కీర్తనకు చెబితే ఆ అమ్మాయి అటువైపు ఏడుస్తూ నవ్వడం నాకు కూడా వినిపించింది. "అయితే మా నాన్న కొట్టు కాదన్నమాట! మీ ఇంటి చీపురన్నమాట!"

ఇప్పుడు తీగ తగలని ఈనెలు కావాలి. బజారు చీపుళ్ళన్నిటికీ తీగే. ఎక్కడైనా తాడుతో కట్టినవి దొరికినా, మట్టల నుంచి ఈనెలు తీసేది కత్తితోనే. నేను కంకిపాడు సంతలో అడుగుతానన్నాను. "మీకెందుకు, నేను తెస్తాను," అంది. ఆ శనివారం బస్సెక్కి వెళ్ళి సాయంత్రం ఈనెల కట్టతో తిరిగొచ్చింది. పచ్చి వాసన వేస్తున్నాయి. అరటినారతో కట్టి ఉంది కట్ట.

"ఎక్కడివి?"

"ఉయ్యూరు వైపువి."

"ఎంతకిచ్చారు?"

"అక్కడ బేరాలుండవులెండి."

ఆ తర్వాత అప్పుడప్పుడూ వెళ్ళి తెచ్చేది. కాలవగట్టున చీపుళ్ళు కట్టేవాళ్ళెవరో తెలిసినవాళ్ళు ఉన్నారనుకున్నాను. వెళ్ళొచ్చిన సాయంత్రాలు ఆమె వంట చేస్తూ కూనిరాగం తీసేది. పని దారిలో పడుతోంది కాబట్టి అనుకున్నాను.

కొలిమి మళ్ళీ వెలిగించారు. నెమ్మదిగా చల్లార్చారు. ఈసారి వచ్చిన రేకుల్లో ఒకటి మిగతావాటి కంటే పెద్దది, ఆరు మూలలూ తీరుగా ఉందని చెప్పింది ఆ ఆఖరి శనివారం. "సోమవారం ఏరతాం. దానికి కొత్త పట్టకారు చేయాలి, అంతవరకూ ఎవరూ వాడనిది." ఆ మర్నాడే ఆదివారం.

ఆమెను కింద అపార్టుమెంటు ముంగిట్లో పడుకోబెట్టినప్పుడు కాలేజీ మొత్తం వచ్చింది. మా చర్చి వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం దాటాక ఒక ఆటో ఆగి, తెల్లచీరలో ఒక పెద్దావిడ దిగింది. ఎవరో చెప్పకుండానే తెలిసింది, నడక అదే. సుబ్బరత్నమ్మగారు కూతురి పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు పాదాలు నిమిరారు. ఏడుపు వినపడలేదు. కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. వెళ్ళే ముందు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. మా పెళ్ళయ్యాక ఆవిడ నాతో అన్న మొదటి మాట ఇది.

"ఏం బాబూ, ఈనెలు సరిపోయాయా?"

నాకు అర్థం కాలేదు. దుఃఖంలో మనుషులు ఏదో ఒకటి అడుగుతారు. ఇంట్లో ఆ రోజు నన్ను అందరూ పూలు సరిపోయాయా, కుర్చీలు సరిపోయాయా అనే అడుగుతున్నారు.

"సరిపోయాయండీ," అన్నాను.

ఆవిడ తల ఊపి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత కీర్తన వచ్చింది. వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ కిటికీ దగ్గర ఆగిపోయింది. గాజుగ్లాసులో ఈనె అలాగే ఉంది, ఎండి, వంపు తిరిగి, దారం చుట్టుతో.

"సార్, ఇది నేను తీసుకెళ్ళనా?"

"దానికోసమే చేసింది," అన్నాను.

ఆ పట్టకారుతోనే ఆ పెద్ద రేకును ఏరి హైదరాబాదు తీసుకెళ్ళింది. అక్కడి యంత్రానికి వరస రావడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. పొద్దున్నే లేచి బాల్కనీ చిమ్మేవాణ్ణి. గోడ మీద మరకకు సున్నం వేయించలేదు.

కీర్తన చెప్పకుండా వచ్చింది, ఒక సాయంత్రం, వాళ్ళ నాన్నతో. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుంటానని బాత్‌రూములోకి వెళ్ళాడు. కీర్తన బల్ల మీద ఒక కాగితం పరిచింది. దాని మీద ఒక గీత. సున్నా దగ్గర నుంచి తిన్నగా, ఏ వంపూ లేకుండా వెళ్ళింది.

"ఇది గది వేడిలో. ఇనుము లేదు సార్. అస్సలు లేదు." ఇంకో కాగితం తీసింది. "ఇది చలిలో. ఇక్కడా లేదు. రాజీ గీజీ ఏమీ లేదు, ఊగుతూనే ఉన్నాయి. మేడమ్ మొదట అనుకున్నదే."

ఆమె తండ్రి వచ్చి కూర్చుని కాగితాన్ని అటూ ఇటూ చూశాడు. "ఇందులో ఏం కనపడాలండీ?" అన్నాడు నాతో.

"ఏమీ కనపడకూడదట," అన్నాను.

"అయితే బాగా వచ్చింది," అన్నాడాయన. మేం ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినిపించిన నవ్వు అది. నవ్వి ముగ్గురం తలలు దించుకున్నాం.

లేవబోతూ కీర్తన అంది, "ఉయ్యూరు అమ్మమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను సార్. చాలా సంతోషించారు."

"ఉయ్యూరు అమ్మమ్మగారెవరు?"

ఆ అమ్మాయి నా వంక వింతగా చూసింది. "మేడమ్ వాళ్ళమ్మగారు. ఈనెలు ఆవిడవే కదా సార్! చీపురు సంగతి తెలిసినప్పటి నుంచీ ఆవిడే తీసి ఇస్తున్నారు. ఒకసారి నేను కూడా మేడమ్‌తో వెళ్ళాను. వాళ్ళ పెరట్లో చెట్టుదే మట్ట."

నేను కూర్చున్నాను.

"ఇనుము తగలకూడదమ్మా అని మేడమ్ చెబితే, ఆవకాయకున్నంత మడా అని అడిగారట. కత్తి పక్కన పెట్టేసి, మామిడికాయ చెక్కు తీసే ఆల్చిప్ప తెచ్చుకుని కూర్చున్నారు. ఒక్కో ఈనే దాంతోనే గీశారు. నేనూ ప్రయత్నించాను సార్, రెండు ఈనెలకే నా వల్ల కాలేదు. ఆల్చిప్ప అంచు వచ్చి బొటనవేలి మీదే ఒత్తుకుంటుంది, ఇక్కడ," అని కీర్తన తన కుడిచేతి బొటనవేలు చూపించింది.